పువ్వు లేని మొగలి సెంటు

విజయనగరంలో ఉంటూ, వెనక ఏ కంపెనీ లేకుండా, జూట్ మిల్లు గురించి ఒక సెంటు చెయ్యాలనుంది, దాన్ని కళ అంటారా అని అడిగారు. నేను టెక్కలి దగ్గర ఇంట్లోనే ఇలాంటివి చేస్తుంటాను కాబట్టి, నేను చేసిన ఒక మొగలి సెంటు సంగతితో చెప్తున్నాను.

ఇచ్ఛాపురం దాటితే ఒడిశాలోని గంజాం జిల్లా. మొగలి అత్తరుకి దేశమంతా పేరున్న చోటు. మగ చెట్ల పూపొత్తులు కోసుకొచ్చి, రాగి బానల్లో నీళ్ళు పోసి మరిగించి, ఆవిరిని చందనం నూనెలోకి దింపుతారు. అంత దగ్గర్లో దొరికే ఆ అత్తరు నేను వాడలేదు. ఎందుకంటే నా సెంటు మొగలి పువ్వు గురించి కాదు, అది చెప్పిన అబద్ధం గురించి. నిప్పు స్తంభమై నిలిచిన శివుడి కొస చూశానని బ్రహ్మ బొంకితే మొగలి సాక్ష్యం పలికింది, అందుకే శివపూజకి దూరమైంది అంటారు కదా. శ్రీముఖలింగం శివాలయానికి వెళ్ళే రోజు మా నాయనమ్మ జడలో మొగలి రేకు ఉండనిచ్చేది కాదు.

దొంగసాక్షి మీద చేసే సెంటులో నిజం పువ్వు పెడితే ఇంకేముంది? మొగలి నూనెలో మూడింట రెండొంతులు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ, ఫినైల్ ఇథైల్ మిథైల్ ఈథర్ అనే ఒక్క పదార్థమే. ఫ్యాక్టరీలో తయారయ్యేది చవగ్గా దొరుకుతుంది. అదే వేశాను. రాసుకోగానే ఎవరైనా "అబ్బ, మొగలి!" అనాల్సిందే. తేలిక సరుకు కాబట్టి తొందరగా ఎగిరిపోతుంది. అడుగున వట్టివేరు, శుద్ధి చేసిన కేడ్ నూనె (ఒక రకం జూనిపర్ కట్టెని కాల్చి తీసేది) పొగ వాసన ఉంటాయి. సాక్షి జారుకుంటుంది, కాలిన వాసన ఉండిపోతుంది.

తెలిసిన అత్తరు వ్యాపారి ఒకాయన చూసి, కాస్త గులాబీ కలిపితే బాగా అమ్ముడుపోతుందన్నాడు. నిజమే, అమ్ముడుపోతుంది. కానీ ఇందులో గులాబీకేం పని? "బాగుంటుంది" అన్నది అమ్మకానికి సరిపోయే జవాబు, ఆలోచన పట్టుకుని చేసేవాళ్ళకి సరిపోదు. నా లెక్కలో కళకీ సరుకుకీ తేడా అక్కడే. గేజా షోన్ అనే జర్మన్ సెంట్ల తయారీదారు 2006లో ఐసో ఈ సూపర్ అనే ఒకే ఒక్క పదార్థంతో 'మాలిక్యూల్ 01' తెచ్చాడు. సెంటంటే బోలెడు కలపాలన్న నమ్మకాన్నే ప్రశ్నించిన పని అది. 2012లో న్యూయార్క్‌లోని మ్యూజియం ఆఫ్ ఆర్ట్స్ అండ్ డిజైన్ పరిమళాలకే ఒక ప్రదర్శన పెట్టింది. సీసాలు, ప్రకటనలు ఏవీ లేవు, గోడలోంచి వచ్చే వాసన ఒక్కటే. కాబట్టి ఇది కళేనా అన్న అనుమానం పక్కన పెట్టెయ్యండి.

పని సంగతికొస్తే, చుక్కలు లెక్కపెట్టకుండా మిల్లీగ్రాములు చూపే కాటా కొనండి. ఘాటైనవి ముందే పది శాతానికి పలచన చేసుకోండి. కలిపింది కొన్ని వారాలు ఊరనివ్వండి. చర్మం మీద వాడే ముందు ఇఫ్రా (అంతర్జాతీయ సుగంధ సంఘం) పెట్టిన భద్రతా పరిమితులు చూసుకోండి. నేర్చుకోవాలంటే కన్నౌజ్‌లో 1991 నుంచి ఉన్న ప్రభుత్వ సుగంధ కేంద్రంలో శిక్షణ ఇస్తారు. అమ్మాలంటే మాత్రం కాస్మెటిక్స్ రూల్స్ 2020 కింద తయారీ లైసెన్సు తప్పదు.

ఇక మీ జూట్ మిల్లు. నార మెత్తబడ్డానికి చల్లే నూనె వాసన లేకపోతే అది మిల్లు అవదు, ఎండుగడ్డి సెంటు అవుతుంది. కలపాలనుకున్నవాటిలో మల్లె, సంపెంగ రాశారు చూడండి, అవి తీసేసి ఆ నూనెతో మొదలుపెట్టండి. మిల్లులో చేసినవాళ్ళు మీ ఊళ్ళో ఇంకా ఉన్నారు, సెంటులో ముంచిన మొదటి కాగితం పట్టీ వాళ్ళకే వాసన చూపించండి.