అద్దె ఇంట్లో కుళాయి ముట్టుకుంటే షాక్: వైరింగ్ తనిఖీ ఎవరి బాధ్యత?

ప్రశ్న: హైదరాబాద్‌లో పాతికేళ్ల నాటి ఇంట్లో పై పోర్షన్‌లో అద్దెకు ఉంటున్నాం. వానలు మొదలైనప్పటి నుంచి గీజర్ వేసి కుళాయి ముట్టుకుంటే జిల్లుమంటోంది. వైరింగ్ చెక్ చేయించమంటే, నిరుడు మీరు పెట్టించుకున్న ఏసీ వల్లే ఇదంతా, ఖర్చు మీరే పెట్టుకోండి అంటున్నారు ఇంటి ఓనర్. చట్టం ఏమంటోంది? అద్దె ఆపేయొచ్చా?

జవాబు: ముందు గీజర్ వాడకం ఆపేయండి. కేసు సంగతి తర్వాత.

అద్దె మాత్రం ఆపకండి. అద్దె బాకీ పడితే మిమ్మల్ని ఖాళీ చేయించడానికి ఓనర్‌కు మీరే కారణం ఇచ్చినట్టవుతుంది. అయితే 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్‌లో ఒక దారి ఉంది. ఓనర్ చేయించాల్సిన రిపేరును, నోటీసు ఇచ్చాక కూడా తగిన గడువులో చేయించకపోతే, కిరాయిదారు తానే చేయించుకుని ఆ ఖర్చును వడ్డీతో సహా అద్దెలో మినహాయించుకోవచ్చు. ఇక్కడ మెలిక 'చేయించాల్సిన' అన్న మాటలో ఉంది. ఏ రిపేరు ఎవరిదన్నది ముందుగా మీ అగ్రిమెంటు చెబుతుంది. అందులో ఏమీ లేకపోతే, రిపేర్లన్నీ ఓనర్‌వే అని ఈ చట్టం తనంతట తాను చెప్పదు. అదే సెక్షన్ ప్రకారం, మామూలు జాగ్రత్తతో చూసినా మీకు కనిపించని పెద్ద లోపం తనకు తెలిసి ఉంటే ఓనర్ దాన్ని మీకు చెప్పి తీరాలి. ఇంటికి సరైన ఎర్తింగ్ (లీకైన కరెంటును భూమిలోకి పంపే ఏర్పాటు) లేదన్న సంగతి ఆయనకు ముందే తెలుసని చూపగలిగితే మీ వాదనకు బలం వస్తుంది.

ఇక మీ ఏసీ. నిజం చెప్పాలంటే మీ కేసులో బలహీనత అదే. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2023 భద్రతా నిబంధనల ప్రకారం బల్బు, ఫ్యాను, స్విచ్, ఫ్యూజు మార్చడం లాంటి చిన్న పనులు తప్ప కొత్త లైను లాగడం, వైరింగ్ మార్చడం లైసెన్సు ఉన్న కాంట్రాక్టరుతోనే చేయించాలి. వీధి చివర షాపులోని కుర్రాడితో ఏసీకి లైను వేయించి ఉంటే, లోపం అక్కడే ఉందని తేలితే, బాగు చేయించాల్సింది మీరే. ఆస్తి బదిలీ చట్టం ప్రకారం దానికి నోటీసు అందాక మూడు నెలల గడువు ఉంటుంది.

కాబట్టి మీరిద్దరూ వాదించుకుని లాభం లేదు. తేల్చాల్సింది తనిఖీ. లైసెన్సున్న కాంట్రాక్టరును పిలిచి, సంతకంతో రాతపూర్వక రిపోర్టు అడగండి. టెస్టర్ పెట్టి చూసి 'బాగానే ఉంది సార్' అని వెళ్లిపోతే అది తనిఖీ కాదు. 500 వోల్టుల మెగ్గర్ అనే మీటరుతో వైర్ల ఇన్సులేషన్ (కరెంటు లీకవకుండా ఆపే పైపూత) చూడాలి, అది కనీసం ఒక మెగా ఓమ్ రావాలి. ఎర్త్ పిట్ రెసిస్టెన్స్ కొలవాలి. గీజర్ సాకెట్‌లో ఎర్త్ పిన్నును న్యూట్రల్‌కు (కరెంటు తిరిగి వెళ్లే వైరుకు) కలిపేశారేమో విప్పి చూడాలి. ఎర్త్ వైరు లేని పాత ఇళ్లలో చాలామంది ఇలా చేస్తుంటారు. ఎక్కడైనా న్యూట్రల్ తెగితే గీజర్ బాడీ అంతా కరెంటు పాకుతుంది. ఎంసీబీ ఉంది కదా అని ధీమా వద్దు. లోడు ఎక్కువైనప్పుడు, షార్ట్ సర్క్యూట్ అయినప్పుడు అది పడిపోతుంది కానీ, మనిషిని చంపే కొద్దిపాటి మిల్లీ ఆంపియర్లను పట్టించుకోదు. ఆ పని 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీది, అంటే కరెంటు లీకైతే పసిగట్టి సప్లయ్ ఆపేసే స్విచ్‌ది.

విద్యుత్ సంస్థ నంబరు 1912కు ఫోన్ చేస్తే మీటరు వరకు ఉన్న లోపాలే చూస్తారు. మీటరు దాటాక ఇంటి వైరింగ్ సంస్థ బాధ్యత కాదు.

రిపోర్టు చేతికొచ్చాక దాని కాపీ జతచేసి, 15 రోజుల గడువుతో ఓనర్‌కు స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. వాట్సాప్‌లో కూడా పెట్టండి. ప్రమాదం ఉందని రాతపూర్వకంగా తెలిసీ పట్టించుకోక, రేపు ఎవరి ప్రాణమైనా పోతే భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్ కింద ఐదేళ్ల వరకు జైలు శిక్ష పడే కేసు ఎదుర్కోవాల్సి రావచ్చని నోటీసులో మర్యాదగానే రాయొచ్చు. చాలామంది ఓనర్లు ఆ ఒక్క లైను చదివాక ఎలక్ట్రీషియన్‌ను పిలుస్తారు.

ఏసీ లైనులో లోపం ఉందని రిపోర్టులో వస్తే ఆ భాగం ఖర్చు మేమే పెట్టుకుంటాం అని కూడా నోటీసులో చేర్చండి. తనిఖీ ఫీజు చెరిసగం అంటే ఒప్పుకోండి. రశీదు మాత్రం మీ పేరు మీద తీసుకోండి.