‘వద్దు’ అనే మాట క్యూ మొదట్లోనే చెప్పు

చిరంజీవి అల్లుడికి,

మామయ్య ఆశీస్సులు. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన పార్కులో రైడ్ ఆపరేటర్ ఉద్యోగం వచ్చిందని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. చాలా సంతోషమేసింది. ఎండాకాలం సెలవుల ముందు చేరుతున్నావు కాబట్టి రద్దీకి మెల్లగా అలవాటుపడే వ్యవధి నీకు దొరకదు. ప్యానెల్ మీద ఏ బటన్ దేనికో, ఎమర్జెన్సీ స్టాప్ ఎప్పుడు నొక్కాలో శిక్షణలో నేర్పుతారు. అది వాళ్లు చెప్పినట్టే చెయ్యి. గెస్టులతో మాట్లాడే పని దగ్గరికి వచ్చేసరికి ‘నవ్వుతూ ఉండండి’ అని ముగించేస్తారు. నవ్వొక్కటే చాలదు, అందుకే రాస్తున్నాను.

ముందు ఒక లెక్క చూడు. రోలర్ కోస్టర్‌కి 28 సీట్లు ఉన్నాయనుకో. చెకింగ్‌కి ఇద్దరు ఉంటే చెరో 14 సీట్లు. నిమిషంలో పూర్తి చేయాలంటే ఒక్కో మనిషి దగ్గర నువ్వు ఆగేది నాలుగు సెకన్లు. ఆ నాలుగు సెకన్లలో మనిషిని సీటులో బిగించి ఉంచే హార్నెస్ కిందికి నొక్కాలి, పైకి లాగి చూడాలి, బెల్టు చూడాలి, జేబులో ఫోన్ ఉందేమో చూడాలి, ముఖం చూడాలి. వాదనకి అందులో చోటెక్కడిది? వాదన తెచ్చే విషయం ఏదైనా సరే, మనిషి గంట నిలబడి సీటు దాకా వచ్చాక కాదు, క్యూ మొదట్లోనే తేలిపోవాలి. పొరపాటు ఎవరిదైనా, ఎండలో గంట నిలబెట్టి వెనక్కి పంపితే కోపం రావడం న్యాయమే.

ఎక్కువ గొడవలు ఎత్తు దగ్గరే వస్తాయి. ‘మావాడికి పదేళ్లండీ, చిన్నప్పుడు కూడా భయపడలేదు’ అంటాడు తండ్రి. ఇక్కడ వయసుతోనూ ధైర్యంతోనూ పని లేదు. హార్నెస్ భుజాల మీద, ల్యాప్ బార్ తొడల మీద ఆనేలా తయారుచేసేవాళ్లు కొలతలు కడతారు. పొట్టి పిల్లల్లో భుజానికీ హార్నెస్‌కీ మధ్య ఖాళీ మిగులుతుంది. బండి వేగం ఒక్కసారి తగ్గినప్పుడు నడుము ముందుకి జారి, ఒళ్లు కింది నుంచి బయటికి వచ్చేయగలదు. ఈ మాటే తండ్రికి చెప్పు. ‘రూల్ సార్’ అనకు. రూల్ అంటే మన దగ్గర అందరూ బేరమాడతారు. ‘ఈ సీటు బాబుని పట్టి ఉంచలేదు సార్’ అంటే అతని చెయ్యి తనంతట తనే పిల్లాడి భుజం మీదికి వెళ్తుంది.

కొలిచేటప్పుడు చెప్పులు, టోపీ తీయించు. మడమలు ఎత్తు కొలిచే కర్రకి ఆనాలి, చూపు నేరుగా ఎదురుగా ఉండాలి. కొప్పు ఉంటే అట్టముక్కతో మెల్లగా అణిచి తల మీద కొలువు. ఒకే పిల్లాడికి ఒక గేటులో 120 సెంటీమీటర్లని, ఇంకో గేటులో 119 అని వస్తే ఆ ఒక్క సెంటీమీటరే రోజంతా నీ ప్రాణం తీస్తుంది. పార్కు తెరిచేముందే స్టీలు టేపుతో నీ కర్రని సరిచూసుకో. పక్క రైడ్ వాళ్లనీ చూడమను. ఒకసారి కొలిచాక చేతికి రంగు బ్యాండ్ వేసే పద్ధతి మీ దగ్గర ఉంటే మరీ మంచిది. లేకపోతే సూపర్‌వైజర్‌ని అడుగు, అడగడం తప్పు కాదు.

పిల్లాడు పొట్టిగా ఉన్నాడని తేలాక, మోకాళ్ల మీద కూర్చుని ముందు వాడితోనే మాట్లాడు, తర్వాత పెద్దవాళ్లతో. ‘నువ్వు 117 ఉన్నావు నాన్నా, ఇంకో మూడు పెరిగితే ఈ సీటు నీదే’ అని అంకె చెప్పు. ‘వచ్చే ఏడు ఎక్కుదువులే’ అనకు, వచ్చే ఏటికి ఎంత పెరుగుతాడో నీకెలా తెలుసు? రైడ్ పాడైందని అబద్ధం అసలే చెప్పకు. రెండు నిమిషాల్లో అది వాడి నెత్తి మీద నుంచే అరుపులతో వెళ్తుంది, ఇక యూనిఫామ్ వేసుకున్న ఎవరి మాటా వాడు నమ్మడు. వాడి ఎత్తుకి సరిపోయే రైడ్లు ఏవో, ఎటువైపు ఉన్నాయో, ఇప్పుడు ఏ క్యూ చిన్నగా ఉందో నీకు నోటికి వచ్చి ఉండాలి. దారి చూపేటప్పుడు ఒక్క వేలితో కాకుండా చెయ్యంతా చాచి చూపించు.

లావుగా ఉన్నవాళ్ల విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. ఇక్కడ కొలత బరువొక్కటే కాదు, భుజాలు, ఛాతీ, పొట్ట ఎలా ఉన్నాయన్నదీ చూడాలి. క్యూ బయట టెస్ట్ సీటు ఉంటే ‘ఒకసారి ఇందులో కూర్చుని చూస్తారా, లోపల హడావిడి ఉండదు’ అని పక్కకి పిలిచి మెల్లగా అడుగు. సీటు దాకా వచ్చాక హార్నెస్ లాక్ కాకపోతే రెండుసార్లు ప్రయత్నించు. మూడోసారి బలంగా తొయ్యకు, చుట్టూ అందరూ చూస్తుంటారు. మైకులో పిలవకు. దగ్గరికి వంగి, ‘సార్, ఈ సీటు డిజైన్ మీకు సరిపోవట్లేదు, ఇటు రండి’ అని చెప్పి ముందు నువ్వే నడువు.

ఇందులో మొహమాటపడితే ఏమవుతుందో విను. 2022 మార్చిలో అమెరికాలోని ఓర్లాండోలో, మనుషుల్ని పైకి తీసుకెళ్లి ఒక్కసారిగా కిందికి వదిలే డ్రాప్ టవర్ మీది నుంచి 14 ఏళ్ల కుర్రాడు పడి చనిపోయాడు. అతని బరువు తయారీదారు పెట్టిన పరిమితికి మించి ఉంది. అతను కూర్చున్న సీటు సెన్సార్‌ని మామూలు కంటే ఎక్కువ ఖాళీ ఉన్నా లాక్ పడినట్టే చూపించేలా సర్దారని విచారణలో బయటపడింది. ప్యానెల్ మీద లైటు వెలిగింది, రైడ్ కదిలింది. లైటు పచ్చగా ఉన్నా నీ చేతికి వదులు తగిలితే పంపకు. అప్పుడు ఎవరు ఏమన్నా పడు.

నీళ్ల రైడ్ల దగ్గర గొడవ బట్టల మీద వస్తుంది. చీర, పంజాబీ డ్రెస్, లుంగీ, జీన్స్ వద్దంటే ‘మా ఇంటి ఆడవాళ్ల బట్టల గురించి నువ్వెవరు చెప్పడానికి’ అంటారు. కారణం చెప్పాల్సింది ఇక్కడే. కాటన్ నీళ్లు పీల్చి బరువెక్కుతుంది, మనిషి మునిగితే పైకి లేవడం కష్టమవుతుంది. చీర చెంగు, చున్నీ స్లైడ్ అతుకుల్లో చిక్కుకుంటాయి. జిప్పులు, ఇత్తడి గుండీలు ఫైబర్ మీద గీతలు పెడితే వెనక వచ్చేవాళ్ల వీపు చీరుకుంటుంది. నూలు పోగులు ఫిల్టర్లో పడతాయి. ఆడవాళ్లకి ఈ మాట ఆడ స్టాఫ్ చేతే చెప్పించు, పొడుగు చేతులతో ఒళ్లంతా కప్పే నైలాన్ బట్టలు కూడా ఉంటాయని చూపించమను. చాలామందికి అది తెలియకే కోపం. నల్గొండ నుంచో మహబూబ్‌నగర్ నుంచో స్కూలు బస్సులు వచ్చినప్పుడు, పిల్లలు దిగకముందే బస్సులోకి ఎక్కి టీచర్లతో ఒక్క నిమిషం మాట్లాడితే నలభై గొడవలు తప్పుతాయి.

జుట్టు, చున్నీ గురించి గో-కార్ట్ (చిన్న రేసు బండి) దగ్గర అస్సలు మెత్తబడకు. 2020 అక్టోబరులో మన హైదరాబాద్ శివార్లలోనే, గుర్రంగూడ దగ్గర, గో-కార్ట్ చక్రంలో జుట్టు చిక్కుకుని బీటెక్ చదివే అమ్మాయి ప్రాణం పోయింది. జుట్టు ముడిచి, హెల్మెట్‌లో దోపి, చొక్కా కాలర్ లోపలికి పెట్టించేదాకా ఇంజన్ స్టార్ట్ చేయకు. రబ్బరు బ్యాండ్ల పొట్లం ఒకటి నీ జేబులో ఉంచుకో. అడిగితే ఇచ్చే మనిషి మీద ఎవరూ విసుక్కోరు.

భయం గురించి కాస్త నిదానంగా చెప్పాలి. సీటులో కూర్చున్నాక, హార్నెస్ దిగిన క్షణంలో కొందరి మనసు మారుతుంది. గట్టిగా ఏడవరు, అరవరు. పెదవులు తెల్లబడతాయి, చూపు నీ మీదే ఉంటుంది, చెయ్యి హార్నెస్‌ని పైకి తోస్తుంటుంది. పక్కన భర్తో స్నేహితులో ‘ఏం కాదు, కూర్చో’ అని నవ్వుతుంటారు. వాళ్లని అడగకు. ఆ మనిషినే చూసి ‘దిగుతారా?’ అని ఒక్క మాట అడుగు. తల ఊపినా చాలు, ప్యానెల్‌కి చెయ్యెత్తి సైగ చేసి తెరిపించు. నలభై సెకన్లు పోతాయి, పోనీ. ‘బ్యాగులు చూసుకోవడానికి ఒకరు కావాలి, ఇటు రండమ్మా’ అంటే నలుగురిలో తల దించుకునే పని లేకుండా దిగుతారు. గర్భవతి అనిపిస్తే ‘ఎన్నో నెల’ అని అడగకు. బోర్డు చూపించి, ‘ఇందులో ఉన్నవాటిలో ఏదైనా ఉంటే మీరు కింద ఉండటం మంచిది’ అని అందరికీ చెప్పినట్టే చెప్పు.

రద్దీ రోజు ‘త్వరగా పంపండి’ అని వాకీటాకీలో వినబడుతూనే ఉంటుంది. డిస్నీ పార్కుల్లో ఉద్యోగులకి చాలా ఏళ్లుగా నేర్పిన వరుస ఒకటుంది: భద్రత, మర్యాద, ప్రదర్శన, ఆ తర్వాతే వేగం. వేగం చివరిది. ఆ వరుస నీ ఒంటికి పట్టాలి.

ఒకవేళ నిన్ను అలలు వచ్చే వేవ్ పూల్ దగ్గర లైఫ్‌గార్డ్‌గా వేస్తే, మర్యాద తీరే మారిపోతుంది. గెస్ట్ మాట్లాడితే వాళ్ల ముఖం చూడకు, నీళ్ల మీద నుంచి చూపు తియ్యకుండా జవాబు చెప్పు. పది సెకన్లలో నీ వంతు నీళ్లంతా ఒకసారి చూడాలి, ఆ తర్వాత ఇరవై సెకన్లలో మునిగేవాళ్ల దగ్గరికి చేరాలి. లైఫ్‌గార్డులకి నేర్పే కొలత అది. మునిగే మనిషి కేకలు వెయ్యడు, ఊపిరికే సమయం చాలక నిశ్శబ్దంగా నిలువునా కిందికి పోతాడు. అందుకే ‘క్షమించండి, నీళ్ల మీద చూపు తియ్యకూడదు, చెప్పండి’ అని ముందే అనెయ్యి. ఎవరూ తప్పుపట్టరు. సెల్ఫీ తీయమంటే కుదరదని చెప్పు.

రైడ్ మధ్యలో ఆగితే ముప్పై సెకన్ల లోపు మైకు పట్టుకో. కారణం తెలియకపోయినా మాట్లాడు: ‘రైడ్ ఆగింది. మీ హార్నెస్‌లు లాక్ అయి ఉన్నాయి. తల వెనక్కి ఆనించి కూర్చోండి. రెండు నిమిషాల్లో మళ్లీ చెబుతాను.’ తెలుగులో, హిందీలో, ఇంగ్లిష్‌లో. అదే గొంతు, అదే వేగం. రెండు నిమిషాలకి కొత్త సంగతి లేకపోయినా మళ్లీ చెప్పు. ‘ఐదు నిమిషాల్లో కదులుతుంది’ అని మాత్రం మాట ఇవ్వకు. మైకు మూగబోతే పైన ఎవరో ఒకరు హార్నెస్ సందులోంచి బయటికి రావడానికి చూస్తారు, అసలు ప్రమాదం అది.

ఫోను, టోపీ, కళ్లజోడు పట్టాల కింద పడితే గెస్ట్ బతిమాలతాడు, వంద నోటు చూపిస్తాడు. కంచె దాటి లోపలికి వెళ్లకు. మెయిన్ స్విచ్‌కి తాళం పడి, ఆ తాళంచెవి వెళ్లేవాడి జేబులో ఉంటేనే ఎవరైనా లోపలికి వెళ్లాలి. వస్తువు పేరు, రంగు, ఫోన్ నంబరు రాసుకుని, పార్కు మూసేముందు ఎక్కడ కలవాలో చెప్పు. నోటుని రెండు చేతులతో వెనక్కి ఇచ్చెయ్యి.

తప్పిపోయిన పిల్ల దొరికితే ఉన్నచోటే పది నిమిషాలు నిలబడు. తల్లిదండ్రులు ఎక్కువగా తాము చివరిసారి చూసిన చోటికే తిరిగొస్తారు. వాకీటాకీలో వెంటనే చెప్పు, కానీ పాప పేరు, గౌను రంగు మైకులో అరవకు. అవి విన్న ఎవడైనా ‘మా పాపే’ అని రాగలడు. వచ్చినవాళ్ల చేతే పేరు, బట్టలు చెప్పించి, పాప వాళ్లని చూసి ఏం చేస్తుందో చూసి, ఫోన్‌లో ఫొటో అడిగి అప్పగించు. ఒంటరిగా గదిలోకి తీసుకెళ్లకు, పక్కన ఇంకో స్టాఫ్ ఉండాలి. ఎవరూ రాకపోతే సెక్యూరిటీకి అప్పగించు, వాళ్లు 1098కి, 112కి చెబుతారు.

ఆడపిల్లల్ని వెంటబడి ఫొటోలు తీసే గుంపుల్ని చూస్తే నువ్వొక్కడివే తగువుకి దిగకు. ఆ పిల్లల పక్కకి వెళ్లి నిలబడి సెక్యూరిటీని పిలువు. 2014 నుంచి మన దగ్గర ఆడవాళ్ల భద్రత చూసే పోలీసు బృందాలు, షీ టీమ్స్, ఉన్నాయి. ఫిర్యాదు ఇస్తామంటే గెస్టుకి దారి చూపించు, ‘పోనీలెండి’ అని సర్దిచెప్పకు.

పిలుపుల సంగతి చిన్నదే గానీ రోజంతా పనికొస్తుంది. ముప్పై ఏళ్ల ఆవిడని ‘ఆంటీ’ అన్నావో, ఆ తర్వాత నువ్వేం చెప్పినా వినదు. ‘అక్కా’ అను, లేదా ‘మేడమ్’ అను. కుర్రాళ్ల గుంపుని ‘సార్’ అంటే ఎగతాళి చేస్తారు, ‘అన్నా, జర చెయ్యి లోపల పెట్టు’ అంటే పెడతారు. చక్రాల కుర్చీలో వచ్చిన మనిషి గురించి పక్కవాళ్లని అడగకు, ఆ మనిషినే ‘ఎలా సాయం చేయమంటారు?’ అని అడుగు. చెప్పకుండా చెయ్యి వెయ్యకు.

ఇక రైడ్ ఎక్కని వాళ్లు. ప్రతి కుటుంబంలో ఒక పెద్దావిడ సంచులన్నీ చేతుల్లో పట్టుకుని ఎండలో నిలబడి ఉంటుంది. నీడ ఎక్కడుందో, అక్కడి నుంచి బండి ఏ మలుపులో కనబడుతుందో చూపించి, ‘మనవడు మూడో వరసలో ఉన్నాడు పెద్దమ్మా, తిరిగొచ్చేది ఆ ఎర్ర గేటు నుంచి’ అని చెప్పు. పది సెకన్ల పని. పుట్టినరోజని తెలిస్తే పేరు పెట్టి శుభాకాంక్షలు చెప్పు, ముందు సీటు ఇవ్వగలిగితే ఇవ్వు. క్యూ మాత్రం దాటించకు.

ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం పన్నెండు దాటాక హార్నెస్ రబ్బరు కాలుతుంది. ప్రతి ట్రిప్పుకీ నీ అరచేతితో చూసి, తడిగుడ్డ వేసి తుడువు. బిర్యానీ తిని నేరుగా వచ్చినవాళ్లని ఒక ముప్పావుగంట ఆగమను. వాంతి అయితే ముఖం చిట్లించకుండా నీళ్ల సీసా ఇచ్చి, ఆ సీటు ఆపి, మందు వేసి కడిగించాకే తెరువు. నీకోసం ఒక సీసాలో ఓఆర్‌ఎస్ కలిపి పెట్టుకో. గంటకి రెండు గ్లాసులు తాగకపోతే మూడింటికల్లా గొంతు, ఓపిక రెండూ పోతాయి.

డ్యూటీ దిగేముందు రిజిస్టర్‌లో రాయి: ఎవరిని ఎందుకు ఆపావు, ఏ టైముకి, పక్కన ఎవరున్నారు. మర్నాడు ఫిర్యాదు వస్తే నీ తరఫున మాట్లాడేది ఆ రెండు వరసలే. మొదటి వారం అయ్యాక ఏ ప్రశ్న నిన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టిందో నాకు ఫోన్ చేసి చెప్పు, దానికి ఏం జవాబు చెప్పాలో కూర్చుని ఆలోచిద్దాం.

మీ అమ్మని అడిగినట్టు చెప్పు.

ఇట్లు,
మామయ్య