ఒకే పార్టీవాళ్లిద్దరు ఎదురెదురు పోటీనా?

ప్రశ్న: మా పెద్దబ్బాయి కాలిఫోర్నియాలో ఉంటాడు. అక్కడ చివరి పోటీలో ఒకే పార్టీవాళ్లిద్దరే మిగలొచ్చని, ఆ పద్ధతిని జనమే ఓటేసి తెచ్చుకున్నారని అంటున్నాడు. నిజమేనా? మన దగ్గర అట్లా ఎందుకు లేదు?
– ఓ రిటైర్డ్ టీచర్, హన్మకొండ

జవాబు: నిజమే సార్. అమెరికాలో పార్టీ అభ్యర్థి ఎవరో తేల్చేది కూడా ఓటే, దాన్నే ప్రైమరీ అంటారు. కాలిఫోర్నియాలో ఒకప్పుడు ఏ పార్టీ ప్రైమరీ దానిదే. 2010 జూన్‌లో ప్రతిపాదన 14 మీద ఓటింగ్ పెడితే, ఓటేసినవాళ్లలో దాదాపు 54 శాతం సరే అన్నారు. అప్పట్నుంచి అన్ని పార్టీలవాళ్ల పేర్లూ ఒకే బ్యాలెట్‌లో ఉంటాయి, ఎవరికైనా వేయొచ్చు, ఎక్కువ ఓట్లొచ్చిన ఇద్దరు నవంబరు ఎన్నికకు పోతారు, పార్టీ ఏదైనా సరే. అధ్యక్ష ఎన్నికకు మాత్రం ఇది వర్తించదు. 2016లో సెనేట్ సీటుకు తలపడ్డ కమలా హారిస్, లొరెట్టా సాంచెజ్ ఇద్దరూ డెమోక్రాట్లే.

మన సర్పంచ్ ఎన్నికలు యాది చేసుకోండి. పార్టీ గుర్తులుండవు కాబట్టి ఒకే పార్టీలోని రెండు వర్గాలూ నిలబడతాయి, ఒకరికి ఉంగరం, ఇంకొకరికి కత్తెర, ఎదుటి పార్టీవాళ్లు కూడా ఆ ఇద్దరిలో ఎవరు మేలో చూసి వేస్తారు. అసెంబ్లీకొచ్చేసరికి ఆ అవకాశం పోతుంది. ఓటర్లను అడిగే టికెట్ ఇవ్వాలన్న చట్టం మనకు లేదు, నామినేషన్ల చివరి రోజు మధ్యాహ్నం మూడింటిలోపు బీ-ఫారం ఎవరికి అందితే వాళ్లే అభ్యర్థి. ఏళ్లకేళ్లు జెండా మోసినవాళ్లు ఆ పూట నామినేషన్ ఆఫీసు బయట, చెవికి ఫోన్ ఆనించుకుని, హైదరాబాద్ నుంచి కారు ఎక్కడిదాకా వచ్చిందని టెన్షన్‌తో అడుగుతుంటే చూశాను, కడుపు తరుక్కుపోయింది.

అయితే కాలిఫోర్నియా పద్ధతిలో ఓట్లు చీలే ప్రమాదం ఉంది. 2012లో శాన్ బెర్నార్డినో వైపు ఒక సీటులో డెమోక్రాట్లు నలుగురు, రిపబ్లికన్లు ఇద్దరు నిలబడితే, ఆ నలుగురి మధ్య ఓట్లు చీలి చివరికి రిపబ్లికన్లిద్దరే మిగిలారు. అదే సీటులో నవంబరులో అధ్యక్ష ఎన్నికకు మెజారిటీ డెమోక్రాట్ అయిన ఒబామాకు వచ్చింది, అంటే ఎక్కువమంది ఓటర్లకు తమ పార్టీ మనిషే లేకుండా పోయాడు.

అందుకే నాకు అలాస్కా దారి మెరుగనిపిస్తుంది. 2020లో అక్కడి ఓటర్లు ఆమోదించిన పద్ధతిలో ప్రైమరీ నుంచి నలుగురు చివరి పోటీకి వస్తారు, ఓటరు వాళ్లకు ఒకటి, రెండు, మూడు అని వరుస రాస్తాడు. మీకిది కొత్తేం కాదు సార్, వరంగల్-ఖమ్మం-నల్గొండ పట్టభద్రుల ఎమ్మెల్సీ ఎన్నికలో మీరు ప్రాధాన్యాలు రాసేది ఇట్లాగే.