నాన్న పోయిన బాబు, వీధి కుక్కపిల్ల

ప్రశ్న: మావారు పోయి నాలుగు నెలలైంది. తొమ్మిదేళ్ల మా బాబు ఎవరితోనూ మాట్లాడడు. వీధిలో దొరికిన రెండు నెలల కుక్కపిల్లతో మాత్రం గుసగుసలాడుతుంటాడు. ఉంచుకోవచ్చా?
– ఓ తల్లి, కావలి

జవాబు: ఉంచుకోండమ్మా. కుక్కపిల్ల ఎదురు ప్రశ్నలు వేయదు, అందుకే పిల్లలు దాని దగ్గర మనసు విప్పుతారు. ఏం చెబుతున్నాడో ఆరా తీయకండి. పక్కన కూర్చుని మీరూ దాన్ని నిమరండి, చాలు.

ముందు పశువుల ఆసుపత్రిలో నులిపురుగుల మందు, పార్వో (కుక్కపిల్లలకు సోకే ప్రమాదకర వైరస్ జబ్బు) టీకా వేయించండి. ఆ టీకా 16 వారాల వయసు దాకా మూడు నాలుగు వారాలకోసారి వేయించాలి. రేబిస్ టీకా మూడు నెలలు నిండాక. పార్వో సోకితే వాంతులు, నెత్తురు విరేచనాలతో కుక్కపిల్ల రెండు మూడు రోజుల్లోనే చనిపోవచ్చు. ఇప్పుడు బాబు ఆ దెబ్బ తట్టుకోలేడు.

రోజూ పొద్దున గిన్నె కడిగి నీళ్లు పోయడం వాడి పని. మొత్తం భారం మాత్రం వేయొద్దు. మరిచిపోతే ‘ఎవరికన్నా ఇచ్చేస్తా’ అని బెదిరించనే వద్దు. అది తింటున్నప్పుడు ముట్టుకోకూడదని చెప్పండి. ఆటలో పన్ను గీసుకున్నా 15 నిమిషాలు సబ్బుతో, ధారగా నీళ్లతో కడిగి, అదేరోజు బాబును ఆసుపత్రిలో చూపించండి.

మన ఎండలకు కుక్కపిల్ల నడక పొద్దున ఏడులోపే. సిమెంటు రోడ్డు మీద అరచెయ్యి ఆనించలేకపోతే దాని పాదాలూ కాల్తాయి.

బాబు తిండి, నిద్ర, బడి గాడిన పడకపోతే ఆలస్యం చేయకుండా ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ 14416కు ఫోన్ చేయండి. తెలుగులోనే మాట్లాడతారు.