గ్రహాంతర జీవం మీద సైన్స్ ఎగ్జిబిషన్‌కి పనిచేసే మోడల్ ఏది?

ఎనిమిదో తరగతి పాపకి వైజాగ్‌లోనే ఎగ్జిబిషన్, థర్మకోల్ గ్రహాలు వద్దు అన్నారు కదా. నాలుగు పొడవాటి గాజు గ్లాసులు, ఇసుక చాలండి. 1976లో అంగారకుడి మట్టిలో జీవం ఉందా అని నాసా వైకింగ్ వ్యోమనౌకలు చేసిన పరీక్షనే బల్ల మీద చూపించొచ్చు.

ఆర్కే బీచ్ ఇసుకైతే మంచినీళ్లతో నాలుగైదుసార్లు కడగండి, ఉప్పు మిగిలితే ఈస్ట్ మందగిస్తుంది. ఎరుపు కోసం ఎర్రమట్టి దిబ్బల జోలికి వెళ్లకండి, అది రక్షిత స్థలం. కాస్త జేగురు కలపండి. అంగారకుడి ఎరుపూ ఐరన్ ఆక్సైడే.

గ్లాసుకి నాలుగు పెద్ద చెంచాల ఇసుక, పావు టీస్పూన్ పంచదార. మొదటిదాంట్లో ఇంకేమీ వద్దు. రెండోదాంట్లో టీస్పూన్ ఇన్‌స్టంట్ ఈస్ట్, అంటే ప్రాణమున్న సూక్ష్మజీవులు. మూడోదాంట్లో అంతే ఈస్ట్, కాకపోతే నీళ్లలో ఐదు నిమిషాలు మరిగించి చల్లార్చింది. నాలుగోదాంట్లో ఈనో ప్యాకెట్. అన్నిట్లో అరగ్లాసు గోరువెచ్చటి నీళ్లు, 40 డిగ్రీలు మించకుండా. నీళ్లు మరీ వేడైతే రెండో గ్లాసు కూడా మూడోదానిలాగే పడుంటుంది.

ఈనో వెంటనే బుస్సుమని పొంగి, కాసేపటికే చల్లబడుతుంది. ఈస్ట్ ముందు ఉలుకూ పలుకూ లేకుండా ఉండి, ఆనక నురగ కడుతుంది. చూసేవాళ్లంతా ఈనోలోనే ప్రాణం ఉందంటారు, అననివ్వండి. సున్నపు తేటతో తేడా తేలదు, రెండిట్లోనూ వచ్చేది కార్బన్ డయాక్సైడే. ఈస్ట్ నురగ అణిగాక రెండిట్లోనూ మళ్లీ పంచదార నీళ్లు పోయండి. ఈస్ట్ మళ్లీ లేస్తుంది, ఈనో లేవదు. పంచదార పావు టీస్పూనే అన్నది ఇందుకే. ఎక్కువైతే నురగ సాయంత్రం దాకా అణగదు, ఈ ముక్క చూపించడానికి టైముండదు.

వైకింగ్‌లో పోషకాల చుక్క వేయగానే మట్టిలోంచి గ్యాస్ వచ్చింది, 160 డిగ్రీలకు కాల్చిన మట్టిలోంచి రాలేదు. అచ్చం మన రెండు, మూడు గ్లాసులే. కానీ వేడికి విరిగిపోయే రసాయనాలూ ఉంటాయి. పైగా రెండోసారి చుక్క వేస్తే కొత్తగా గ్యాస్ పుట్టలేదు, అంటే ఈనో వరస. 2008లో ఫీనిక్స్ అనే నాసా నౌకకి అక్కడి మట్టిలో పెర్‌క్లోరేట్లనే, ఆక్సిజన్ ఎక్కువున్న లవణాలు దొరికాక రసాయన చర్యేనన్న వాదన బలపడింది. ఆ పరీక్ష రూపొందించిన గిల్బర్ట్ లెవిన్ మాత్రం అది జీవమేనని చివరిదాకా వాదించారు.

జీవం ఇంకోలా ఉంటేనో అని జడ్జి తప్పకుండా అడుగుతారు. మన పరీక్షకి మూడు షరతులున్నాయని పాప చెప్పాలి: జీవి నీళ్లు తట్టుకోవాలి, పంచదార తినాలి, గంటలో కదలాలి. శనిగ్రహపు చందమామ టైటాన్ మీద మైనస్ 179 డిగ్రీలు, సరస్సుల్లో ద్రవ మీథేన్, నీళ్లు రాయిలా గడ్డకట్టి ఉంటాయి. అంత చలిలో రసాయన చర్యలు బాగా నెమ్మది. అక్కడ ఏదైనా బతుకుతుంటే మన గోరువెచ్చటి నీళ్లకే చచ్చిపోవచ్చు. కార్బన్‌కి బదులు సిలికాన్‌తో తయారైన జీవి ఉంటే దాని సంగతీ అంతే. మన కార్బన్ ఆక్సిజన్‌తో కలిస్తే గ్యాస్, సిలికాన్ కలిస్తే ఇసుక. అది ఊపిరి వదిలితే రాయి రాలాలి, మనమేమో బుడగల కోసం చూస్తుంటాం. ఇదంతా చార్టు మీద రాయకండి, అడిగాక నోటితో చెబితేనే మార్కులు.

ఈస్ట్ కొత్త ప్యాకెట్ కొనండి. ఇక్కడి చెమ్మకి తెరిచి వదిలేసింది పనిచేయదు. ముందురోజు రాత్రి చిటికెడు పంచదార నీళ్లలో వేసి, పొంగితేనే తీసుకెళ్లండి.