న్యాయవేదిక: ముద్దాయి ‘నేనే చేశా’నంటే...

ప్రశ్న: కావలిలో కొత్తగా ప్రాక్టీసు పెట్టాను. ఇంటి దొంగతనం కేసులో ముద్దాయి వకాల్తా మీద సంతకం పెట్టాక, “గొలుసు తీసింది నేనే సార్, ఎట్టయినా బయటపడేయండి” అన్నాడు. మనసొప్పడం లేదు. వాదించొచ్చా?
– ఒక జూనియర్ న్యాయవాది, నెల్లూరు జిల్లా

జవాబు: వాదించాలి. ముద్దాయి నేరం చేశాడని వకీలు నమ్మినా సరే వాదించాల్సిందేనని, చాలినంత సాక్ష్యం లేనిదే ఎవరికీ శిక్ష పడకూడదని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా ప్రవర్తనా నియమం 15 చెబుతోంది. తీర్పు చెప్పే పని మీది కాదు. అతను మీతో అన్న మాట భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 132 కింద రహస్యం. కేసు ముగిశాక కూడా అతని అనుమతి లేనిదే బయటపెట్టకూడదు. మిగతా సొత్తు ఎక్కడ అమ్మాలని సలహా అడిగితే మాత్రం ఆ రక్షణ ఉండదు.

మీ పనంతా పంచనామా (సొత్తు దొరికిన తీరును సాక్షుల ముందు పోలీసులు రాసే కాగితం) దగ్గరే. పోలీసుల ముందు ఒప్పుకున్నది సాక్ష్యంగా చెల్లదు. దానివల్ల సొత్తు దొరికితే, అతని మాటల్లో ఆ దొరకడానికి సంబంధించిన ముక్క వరకే చెల్లుతుంది. కాబట్టి మధ్యవర్తిగా (పంచనామా సాక్షిగా) ఉన్న వీఆర్వోని వదలొద్దు: ముద్దాయి ఇంటికి వెళ్లారా, స్టేషన్‌లోనే సంతకం పెట్టారా? బియ్యం డబ్బాలో దొరికిందన్న గొలుసు తూకం ఫిర్యాదులో ఎంత, పంచనామాలో ఎంత? గొలుసు పోయిన ఇంటాయనకు అలాంటి గొలుసులతో కలిపి చూపారా, ఒక్కటే చేతికిచ్చి “ఇదేనా?” అన్నారా? ఇవన్నీ న్యాయమైన ప్రశ్నలే.

“పనిమనిషే తీసింది” అని మాత్రం సాక్షికి సజెషన్ (‘ఇలా జరిగింది కదా’ అని సూచించే ప్రశ్న) వేయకండి. నిజం తెలిసి ఏ పాపం ఎరగని మనిషి మీదికి నెట్టడం ఘోరం. ఆ రాత్రి ముద్దాయి ఒంగోల్లో ఉన్నాడని చెప్పించడానికి చుట్టాన్ని బోనెక్కించకండి. సాక్ష్యం ముగిశాక జడ్జి ముద్దాయిని అడిగే ప్రశ్నలకు ప్రమాణం ఉండదు, అతను మౌనంగా ఉండొచ్చు. అబద్ధం మాత్రం మీరు నేర్పకూడదు.

దొంగ సాక్షిని పెట్టమని పట్టుబడితే తప్పుకోండి. అయితే ముందుగా చెప్పి, చేయని పనికి తీసుకున్న ఫీజు తిరిగివ్వాలి. సాక్షులు వచ్చే రోజు పొద్దున చేతులెత్తేస్తే అతను నిండా మునుగుతాడు.

ఇంకొకటి చూడండి: ఇంట్లో దొంగతనం సెక్షన్ ఒక్కటే ఉందా? దానికి గరిష్ఠ శిక్ష ఏడేళ్లు కాబట్టి, కోర్టు ఆరోపణలు ఖరారు చేసిన 30 రోజుల్లోపు ప్లీ బార్గెయినింగ్‌కు (నేరం ఒప్పుకుని తక్కువ శిక్షకు కుదుర్చుకోవడానికి) దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఇదే నేరానికి ఇదివరకు శిక్షపడి ఉండకూడదు. రాత్రిపూట దొంగతనానికి ఇల్లు పగలగొట్టి చొరబడ్డాడన్న సెక్షన్ కూడా ఉంటే, దానికి పద్నాలుగేళ్ల దాకా శిక్ష ఉంది కనుక ఆ దారి మూసుకుపోతుంది.