స్పైక్ ఫైలు తెరిచే ముందు

బ్రాడీపేట, గుంటూరు

చి. మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

నాగార్జునా యూనివర్సిటీలో నీ ఎమ్మెస్సీ ప్రాజెక్టుకి కరోనా స్పైక్ ప్రొటీన్ తీసుకున్నావని మీ అమ్మ చెప్పింది. సంతోషం. వచ్చే వారమే డాకింగ్ (రెండు అణువులు ఒకదానికొకటి ఎలా అతుక్కుంటాయో కంప్యూటర్‌లో చూడటం) మొదలెడతానన్నావట, అక్కడ కాస్త ఆగమ్మా.

ముందు 6విఎస్‌బి ఫైలు తెరువు, అంటే ప్రొటీన్ నిర్మాణాల భాండాగారంలో స్పైక్ ఆకారం ఉన్న ఫైలు. 2020 మొదట్లోనే క్రయో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపీతో (గడ్డకట్టించిన నమూనాని ఎలక్ట్రాన్లతో చిత్రించే పద్ధతి), 3.46 ఆంగ్‌స్ట్రామ్‌ల (ఒక్కోటి మీటరులో వెయ్యి కోట్లవ వంతు) స్పష్టతతో తేల్చిన నిర్మాణం. అయితే అది వైరస్ మీదున్న స్పైక్ అచ్చంగా కాదు. 986, 987 స్థానాల్లో ప్రోలీన్లనే అమైనో ఆమ్లాలు పెట్టారు, ఫ్యూరిన్ అనే ఎంజైము కోసే చోటు మార్చేశారు, స్పైక్‌లోని మూడు గొలుసులూ విడిపోకుండా చివర ఓ ముక్క తగిలించారు. కణంలోకి చొరబడేటప్పుడు స్పైక్ ఒకసారి రూపం మార్చుకుందంటే మళ్లీ వెనక్కి రాదు. టీకాకి కావలసింది మారకముందు రూపం, ఆ ప్రోలీన్లు నిలబెట్టేది దాన్నే. ఫైజర్, మోడెర్నా టీకాల్లో ఉన్నవీ ఆ రెండు ప్రోలీన్లే.

ఈ కిటుకు ఆర్‌ఎస్‌వీ అనే ఊపిరితిత్తుల వైరస్ దగ్గర నేర్చుకున్నదే. 1960లలో ఫార్మాలిన్‌తో చంపిన ఆ వైరస్‌ని పసిపిల్లలకి టీకాగా వేస్తే, తర్వాత అదే వైరస్ సోకినప్పుడు జబ్బు ఇంకా ముదిరింది. ఇద్దరు పిల్లలు చనిపోయారు. ఆ తరహా టీకాలో, కణంలోకి దూరడానికి ఆ వైరస్ వాడే ఎఫ్ ప్రొటీన్ చాలావరకు రూపం మారిపోయినదేనని చాలా ఏళ్లకి తేలింది. 2013లో శాస్త్రవేత్తలు మెక్‌లెల్లన్, గ్రాహం, క్వాంగ్‌ల బృందం మారకముందు రూపాన్ని చూపించి, దాన్ని అలాగే నిలబెట్టింది. 2023లో ఆ రూపంతో చేసిన ఆర్‌ఎస్‌వీ టీకాలకి అనుమతులొచ్చాయి. ఉపోద్ఘాతంలో కేసుల లెక్కలు రెండు పేజీలు నింపే బదులు ఇది రాయి, ఎగ్జామినర్ కునుకు తీయకుండా చదువుతాడు.

ఇక 6విఎస్‌బి ఫైలులో కొన్ని లూపులు (గొలుసులో వదులుగా వేలాడే మెలికలు) అసలుండవు. నిలకడ లేక కదులుతుంటాయి కాబట్టి మైక్రోస్కోపీ ఇచ్చిన మ్యాపులో కనబడలేదు. సీక్వెన్సు (అమైనో ఆమ్లాల వరస) పక్కన పెట్టుకుని ఏ నంబర్లు లేవో కాగితం మీద రాసుకో. చక్కెరలతో మరీ జాగ్రత్త. ఒక్కో గొలుసు మీద అవి అతుక్కునే చోట్లు 22 ఉంటే, ఫైలులో కనిపించేవి చాలావరకు వాటి మొదళ్లే. నువ్వు ఏరిన ఎపిటోప్ (యాంటీబాడీ పట్టుకునే చోటు) తెర మీద బోడిగా కనబడినా, నిజానికి దాన్ని చక్కెర కప్పేసి ఉండొచ్చు. అది చూసుకోకుండా స్కోరు బాగుందని సంబరపడిన ప్రాజెక్టులు బోలెడు దిద్దాను.

ఇవన్నీ చూడటానికి కైమెరాఎక్స్ అనే సాఫ్ట్‌వేర్ చదువుకునేవాళ్లకి ఉచితం. అసలు మ్యాపు కూడా దించుకుని మోడల్‌ని దానిమీద పెట్టి చూడు.

ఆదివారం ఆ కాగితం తీసుకుని రా. ఏ ఎపిటోప్ ఉంచాలో, ఏది తీసేయాలో కూచుని చూద్దాం.

మామయ్య